నిట్టనిలువు చలనం: మైనస్ గుర్తు దగ్గర దారి తప్పే లెక్కలు

25 మీటర్ల ఎత్తున్న మేడ అంచున నిలబడి ఒకరు బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. బంతి పైకి పోయి, తిరిగి వచ్చి, మేడ అంచుకు తగలకుండా కిందికి జారి నేలను చేరింది. గురుత్వ త్వరణాన్ని (జీ) సెకను వర్గానికి 10 మీటర్లుగా తీసుకుంటే అందుకు ఎంత కాలం పట్టింది? ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం చదివినవారికి ఈ లెక్క ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. దీనికి కావలసిన గణితం పదో తరగతి వర్గ సమీకరణాన్ని దాటదు; కావలసిన భౌతికశాస్త్రం మూడు సూత్రాల్లో ఇమిడిపోతుంది. అయినా ఒకే తరగతి గదిలో ఈ ఒక్క లెక్కకు మూడు వేర్వేరు సమీకరణాలు పుట్టుకొస్తాయి. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ లెక్కల్లో ఇబ్బంది సూత్రాల దగ్గర లేదని, గుర్తుల దగ్గర ఉందని తేటపడుతుంది.

మూడింటికీ ఆధారం ఒకే సూత్రం: స్థానభ్రంశం = తొలివేగం × కాలం + ½ × త్వరణం × కాలం². ఎత్తు 25 అని ఇచ్చారు, వేగం 20 అని ఇచ్చారు, పైకి విసిరారు కాబట్టి జీ మైనస్ అనుకున్న విద్యార్థి ఇలా రాస్తాడు:

25 = 20 × కాలం − 5 × కాలం²

సర్దితే కాలం² − 4 × కాలం + 5 = 0 వస్తుంది. దీని విచక్షణి, అంటే మూలాలు కనుక్కునేటప్పుడు వర్గమూలం కింద వచ్చే సంఖ్య, 16 − 20 = −4. వాస్తవ మూలాలు లేవు. ఎక్కడో కూడికలో తప్పు దొర్లిందనుకుని విద్యార్థి వెనక్కి పోయి వెతుకుతాడు గాని, అక్కడ తప్పేమీ కనిపించదు, ఎందుకంటే కూడికలో తప్పు లేదు. ఆ సమీకరణం అడిగిన ప్రశ్నే వేరు: బంతి చేతిని వదిలిన చోటి నుంచి 25 మీటర్లు పైన ఎప్పుడు ఉంటుంది? సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరిన బంతి 20 మీటర్లకు మించి ఎక్కదు. ‘ఎప్పుడూ ఉండదు’ అని గణితం చెప్పిన జవాబే ఆ రుణ విచక్షణి.

ఇంకొక విద్యార్థి బంతి చివరికి కిందికే వచ్చిందన్న విషయాన్ని మనసులో పెట్టుకుని జీకి ప్లస్ గుర్తు వేస్తాడు:

25 = 20 × కాలం + 5 × కాలం²

దీనికి కాలం 1 సెకను అని చక్కటి జవాబు వస్తుంది. పూర్ణసంఖ్య రావడంతో అనుమానమే రాదు. నిజానికి ఇది బంతిని పైకి కాక, అదే వేగంతో కిందికి విసిరినప్పుడు నేలను చేరడానికి పట్టే కాలం. ఇక సరైన సమీకరణం, పై దిశను ధనాత్మకంగా తీసుకుంటే, ఇది:

−25 = 20 × కాలం − 5 × కాలం²

కాలం² − 4 × కాలం − 5 = 0 నుంచి 5, −1 అనే రెండు మూలాలు వస్తాయి. జవాబు 5 సెకన్లు. ఆ −1 సంగతి తరువాత చూడవలసి ఉంది. సాధారణంగా దాని మీద అడ్డగీత గీసేసి ముందుకు పోతారు గాని, అందులో ఉన్న విషయం చిన్నది కాదు.

ఇక్కడ గమనించవలసింది, తప్పు సమీకరణాలు రెండూ అర్థంలేని రాతలు కావని. ఒక్కొక్కటీ వేరొక ప్రశ్నకు సరైన రాతే. గుర్తు అనేది లెక్కకు చివర అతికించే అలంకారం కాదు, వాక్యంలో విభక్తి ప్రత్యయం లాంటిది. ‘మేడకు’ అనడానికీ ‘మేడ నుంచి’ అనడానికీ ఉన్నంత తేడా దానివల్ల వస్తుంది. అందుకే సమీకరణం రాసిన వెంటనే దాన్ని తిరిగి మాటల్లోకి చదువుకోవడం ఎంత పాఠాన్ని బట్టీ పట్టడం కంటే అయినా ఎక్కువ పనికొస్తుంది. ‘బంతి బయలుదేరిన చోటికి 25 మీటర్లు కింద ఉంది, అది పైకి 20తో బయలుదేరింది, దాన్ని ఎప్పుడూ కిందికే 10 లాగుతోంది’ అని మూడో సమీకరణాన్ని చదవవచ్చు. మొదటి రెండింటినీ ఇలాగే చదివితే అవి ప్రశ్నలోని కథను చెప్పడం లేదని వెంటనే తెలిసిపోతుంది.

ఏ దిశను ధనాత్మకంగా తీసుకోవాలన్నది పూర్తిగా రాసేవారి ఇష్టం. కింది దిశను ధనాత్మకంగా తీసుకుంటే పై సమీకరణం 25 = −20 × కాలం + 5 × కాలం² అవుతుంది; అది అదే సమీకరణం, రెండు వైపులా గుర్తులు మారాయి, అంతే. మూలబిందువును మేడ మీద కాక నేల మీద పెట్టుకుంటే 0 = 25 + 20 × కాలం − 5 × కాలం² అని రాయవచ్చు; అదీ అదే. చేయకూడనిది ఒక్కటే: ఎంచుకున్నదాన్ని మధ్యలో మార్చడం.

తరగతి గదుల్లో సర్వసాధారణంగా వినిపించే నియమం సరిగ్గా ఆ పనే చేయిస్తుంది. ‘పైకి పోయేటప్పుడు జీ మైనస్, కిందికి వచ్చేటప్పుడు జీ ప్లస్’ అన్న ఆ నియమం తప్పు జవాబు ఇస్తుందని కాదు. ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి, పై ముక్కకు పై దిశను, కింది ముక్కకు కింది దిశను ధనాత్మకంగా తీసుకోమని అది చెబుతోంది, కాకపోతే ఆ మాట బయటికి అనదు. మేడ లెక్కనే అలా చేస్తే, 20 వేగం సెకనుకు 10 చొప్పున తగ్గి 2 సెకన్లలో సున్నా అవుతుంది, ఆ లోపు బంతి 20 మీటర్లు ఎక్కుతుంది, అక్కడి నుంచి నేల 45 మీటర్లు, 45 మీటర్లు పడడానికి 3 సెకన్లు, మొత్తం 5. జవాబు సరిపోయింది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ నియమం విన్న విద్యార్థి మనసులో గురుత్వ త్వరణమే పైన దిశ మార్చుకుంటుందన్న భావం నాటుకుంటుంది. భూమి బంతిని లాగే దిశ బంతి ఎటు పోతోందన్న దాని మీద ఆధారపడదు. బంతి పైకి పోతున్నా, ఆగినా, దిగుతున్నా త్వరణం కిందికే, అంతే పరిమాణంలో ఉంటుంది. మారేది వేగం.

రెండు ముక్కల పద్ధతి బరువు ఎక్కడ తెలుస్తుందంటే, ‘అదే బంతి మేడ అంచుకు 15 మీటర్లు పైన ఎప్పుడు ఉంటుంది?’ అని అడిగినప్పుడు. ఒకే సమీకరణంతో అయితే 15 = 20 × కాలం − 5 × కాలం² అని రాసి 1, 3 సెకన్లు అని రెండు జవాబులూ ఒకేసారి తీసుకోవచ్చు; ఒకటి పైకి పోతూ, మరొకటి దిగుతూ. ముక్కలు చేసినవారు పైకి పోయే ముక్కలో ఒకటి కనుక్కుని అక్కడితో ఆగిపోతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయవలసి ఉంటుంది కాబట్టి కోచింగ్‌లో గరిష్ఠ ఎత్తుకు ఒక సూత్రం, ఆరోహణ కాలానికి ఒకటి, టవర్ మీది నుంచి విసిరినప్పుడు ఒకటి అని విడివిడిగా ఇచ్చి బట్టీ పట్టించడం అర్థం చేసుకోదగినదే. కాని ఆ సూత్రాలన్నీ ఒకే సమీకరణానికి మారువేషాలన్న సంగతి తెలియకపోతే, ప్రశ్న కాస్త పక్కకు జరిగిన రోజున ఏ వేషమూ సరిపోదు.

గరిష్ఠ ఎత్తు దగ్గర వేగం సున్నా, త్వరణం మాత్రం సున్నా కాదు. ఈ వాక్యం అందరూ రాస్తారు, నమ్మేవారు తక్కువ. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే ఏమయ్యేదో ఆలోచిస్తే అనుమానం తీరిపోతుంది: వేగం లేని, వేగం మారని బంతి అక్కడే గాలిలో వేలాడుతూ ఉండిపోవాలి. బంతి దిగి వస్తోందంటే, ఆ క్షణంలో కూడా దాని వేగం మారుతోందన్నమాట. అయినా పైన బంతి కాసేపు ఆగినట్టు కంటికి అనిపించడం భ్రమ కాదు. 20 వేగంతో విసిరిన బంతి మళ్లీ చేతి మట్టానికి రావడానికి 4 సెకన్లు తీసుకుంటుంది. అందులో పై 5 మీటర్లలో, అంటే 15 నుంచి 20 మీటర్ల మధ్య, సరిగ్గా 2 సెకన్లు గడుపుతుంది. ఎత్తులో పై నాలుగో వంతులోనే ప్రయాణ కాలంలో సగం గడిచిపోతుంది, ఎంత వేగంతో విసిరినా ఇదే నిష్పత్తి. వాలీబాల్ నెట్ దగ్గర 80 సెంటీమీటర్లు ఎగిరిన ఆటగాడు గాలిలో ఉండేది 0.8 సెకను, అందులో పై 20 సెంటీమీటర్లలోనే 0.4 సెకను ఉంటాడు. స్మాష్ కొట్టేవాడు గాలిలో నిలబడ్డాడని ప్రేక్షకులు అనుకోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ −1 సెకను దగ్గరికి రావచ్చు. ‘కాలం రుణాత్మకం కాదు కాబట్టి వదిలేయాలి’ అని పుస్తకాలు ఒక ముక్కలో తేల్చేస్తాయి. వదిలేయవలసిందే, ఎందుకంటే ప్రశ్న బంతిని విసిరిన తరువాతి సంగతి అడిగింది. కాని సమీకరణానికి బంతిని ఎవరు విసిరారో, ఎప్పుడు విసిరారో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: సున్నా క్షణంలో బంతి మేడ అంచు దగ్గర 20 వేగంతో పైకి పోతోంది. అలా పోతున్న బంతి అంతకు ముందు కూడా గురుత్వం కిందనే ఉండి ఉంటే ఎక్కడ ఉండేది? సరిగ్గా 1 సెకను ముందు నేల మీద, సెకనుకు 30 మీటర్ల వేగంతో పైకి బయలుదేరుతూ ఉండేది. సరిచూడవచ్చు: 30 వేగంతో నేల నుంచి విసిరితే 1 సెకనులో 30 − 5 = 25 మీటర్లు ఎక్కుతుంది, అప్పటికి వేగం 20కి తగ్గుతుంది. అదే మన మేడ అంచు, అదే మన తొలివేగం. బంతి 5 సెకన్లకు నేలను తాకేటప్పటి వేగం 20 − 50 = −30 కావడం కాకతాళీయం కాదు; 30తో నేలను వదిలిన బంతి 30తోనే నేలకు చేరుతుంది.

ఇంతకంటే ఆసక్తికరమైనది ఇంకొకటి ఉంది. తప్పు సమీకరణాల్లో రెండోది ఇచ్చిన 1 సెకను, ఇక్కడి −1, పరిమాణంలో ఒకటే. కిందికి విసిరిన బంతి నేలను చేరడానికి పట్టే కాలం, పైకి విసిరిన బంతి సమీకరణంలో రుణ మూలంగా ముందే కూర్చుని ఉంది. కిందికి విసిరిన బంతి ప్రయాణాన్ని వీడియో తీసి వెనక్కి తిప్పితే, నేల నుంచి లేచి మేడ అంచును 20 వేగంతో దాటే బంతి కనిపిస్తుంది. రుణ మూలం చెప్పేది ఆ ప్రయాణాన్నే. ఇక్కడి నుంచి పోటీ పరీక్షలకు ఎంతో ఇష్టమైన ఒక ఫలితం శ్రమ లేకుండా వస్తుంది. వర్గ సమీకరణంలో మూలాల లబ్ధాన్ని చూస్తే, పైకి విసిరినప్పటి కాలాన్ని కిందికి విసిరినప్పటి కాలంతో గుణించి, జీలో సగంతో మళ్లీ గుణిస్తే మేడ ఎత్తు వస్తుంది: 5 × 5 × 1 = 25. విసరకుండా ఊరికే జారవిడిస్తే పట్టే కాలం ఆ రెండింటి గుణమధ్యమం, అంటే 5 యొక్క వర్గమూలం, దాదాపు 2.24 సెకన్లు. ఈ ఫలితాన్ని విడి సూత్రంగా గుర్తు పెట్టుకున్నవారికి అది ఒక చిట్కా. −1ను కొట్టేయకుండా ఒక నిమిషం చూసినవారికి అది కళ్లెదుటే ఉంది.

కాలం ప్రస్తావన లేని మూడో సూత్రంలో, అంటే తుదివేగ వర్గం నుంచి తొలివేగ వర్గాన్ని తీసివేసే దానిలో, ఈ రెండు మూలాలూ కలిసిపోయి కనిపిస్తాయి. తుదివేగ వర్గం 400 + 500 = 900, తుదివేగం +30 గాని −30 గాని. +30 అన్నది ఆ 1 సెకను ముందటి వేగం, −30 అన్నది 5 సెకన్లప్పటిది. వర్గమూలం తీసేటప్పుడు గుర్తును ఎంచుకోవలసిన పని రాసేవారి మీద పడుతుంది. సూత్రం ఆ పని చేసి పెట్టదు. ఈ తుదివేగాన్ని మళ్లీ మొదటి సూత్రంలో, అంటే తుదివేగం = తొలివేగం + త్వరణం × కాలం అన్న దానిలో పెట్టి కాలం కనుక్కునే అలవాటున్నవారు గుర్తు మరిచిపోతే 5కు బదులు −1 వచ్చి కంగారు పడతారు.

దూరానికీ స్థానభ్రంశానికీ ఉన్న తేడా పాఠం మొదటి పేజీలోనే వస్తుంది, అవసరమైన చోట మాత్రం గుర్తుకు రాదు. మేడ లెక్కలో బంతి తిరిగిన దూరం 20 + 45 = 65 మీటర్లు, స్థానభ్రంశం −25. సూత్రాల్లో ఉండేది రెండోదే. ఫలానా సెకనులో ప్రయాణించిన ‘దూరం’ అని పేరున్న సూత్రం కూడా నిజానికి స్థానభ్రంశాన్నే ఇస్తుంది, దాని పేరే మోసం చేస్తుంది. సెకనుకు 25 మీటర్ల వేగంతో పైకి విసిరిన రాయి మూడో సెకనులో ఎంత దూరం పోయింది అని అడిగితే, ఆ సూత్రం 25 − 10 × 2.5 = 0 అంటుంది. రాయి ఆ సెకనంతా కదలకుండా ఉందా? లేదు. రెండు సెకన్లు పూర్తయ్యేసరికి దాని వేగం 5. మరో అర సెకను 1.25 మీటర్లు ఎక్కి, తరువాతి అర సెకనులో అంతే దిగి, ఆ సెకను మొదట్లో ఉన్న మట్టానికే వచ్చింది. స్థానభ్రంశం సున్నా, దూరం 2.5 మీటర్లు. మలుపు ఆ సెకను మధ్యలో పడిందో లేదో చూడకుండా ఈ సూత్రాన్ని వాడకూడదు. నిజంగా ముక్కలు చేయవలసిన సందర్భాల్లో ఇది ఒకటి.

బెలూన్ లెక్కలో పొరపాటు గుర్తు దగ్గర కాదు, ఒక తెలుగు క్రియ దగ్గర జరుగుతుంది. సెకనుకు 10 మీటర్ల చొప్పున పైకి లేస్తున్న బెలూన్ 75 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు అందులోంచి ఒక రాయిని ‘జారవిడిచారు’. జారవిడవడం అంటే తొలివేగం సున్నా అని అంతవరకు చేసిన లెక్కలన్నీ నేర్పాయి కాబట్టి విద్యార్థి 75 = 5 × కాలం² అని రాసి 3.87 సెకన్లు అంటాడు. జారవిడిచిన చేతికి రాయి వేగం సున్నాయే, కాని ఆ చెయ్యే పైకి పోతోంది. నేల నుంచి చూస్తే రాయి 10 వేగంతో పైకి బయలుదేరింది: −75 = 10 × కాలం − 5 × కాలం², కాలం 5 సెకన్లు. రాయి బెలూన్‌ను వదిలాక కూడా ముందు 5 మీటర్లు పైకే ఎక్కి అప్పుడు దిగుతుంది. అది నేలను తాకే వేళకు బెలూన్ 125 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బెలూన్‌లో కూర్చున్నవారికి మాత్రం రాయి ఎక్కినట్టు కనిపించనే కనిపించదు; వారి లెక్కలో అది సున్నా వేగంతో బయలుదేరి 5 సెకన్లలో 5 × 25 = 125 మీటర్లు కిందికి పోయింది. ఇద్దరి లెక్కా సరైనదే, ఇద్దరినీ కలిపేస్తేనే తప్పు. బెలూన్ త్వరణంతో లేస్తున్నా ఇదే వర్తిస్తుంది, ఒక్క జాగ్రత్తతో: రాయికి వదిలిన క్షణంలోని వేగం వారసత్వంగా వస్తుంది, బెలూన్ త్వరణం రాదు.

ముక్కలు చేయడం తప్పనిసరి అయ్యేది ప్రయాణం స్వభావమే మారినప్పుడు: ఇంజిన్ ఆగిపోయిన రాకెట్, తెరుచుకున్న పారాచూట్, బావిలో వేసిన రాయి. బావిలో రాయి వేసిన 3 సెకన్లకు చప్పుడు వినిపిస్తే నీటి మట్టం ఎంత లోతులో ఉంది? ధ్వని వేగాన్ని పట్టించుకోకపోతే 45 మీటర్లు. సెకనుకు 340 మీటర్లుగా తీసుకుంటే, రాయి పడిన కాలం, చప్పుడు పైకి వచ్చిన కాలం రెండూ కలిసి 3 సెకన్లు కావాలి; కాలం² + 68 × కాలం − 204 = 0 అన్న సమీకరణం నుంచి రాయి పడిన కాలం 2.88 సెకన్లు, లోతు దాదాపు 41.4 మీటర్లు. చప్పుడు ప్రయాణానికి పట్టింది సెకనులో ఎనిమిదో వంతే అయినా తేడా మూడున్నర మీటర్లకు పైనే ఉంది, ఎందుకంటే ఆఖరి క్షణాల్లో రాయి సెకనుకు 30 మీటర్ల వేగానికి దగ్గరగా పోతోంది. ఈ లెక్కలో చాలామంది చేసే పొరపాటు 3 సెకన్లనూ రెండు ప్రయాణాలకూ విడివిడిగా వాడడం.

సూత్రాలను పక్కన పెట్టి సగటు వేగంతో ఆలోచిస్తే సులువయ్యే లెక్కలు కొన్ని ఉన్నాయి. పై నుంచి జారవిడిచిన బంతి 3 మీటర్ల ఎత్తున్న కిటికీని 0.2 సెకనులో దాటింది. కిటికీ పై అంచుకు ఎంత ఎత్తు నుంచి దాన్ని వదిలారు? కిటికీ ముందు సగటు వేగం 15. త్వరణం స్థిరంగా ఉన్నప్పుడు సగటు వేగమే ఆ వ్యవధి నడిమి క్షణంలోని వేగం. 15 వేగం రావడానికి వదిలినప్పటి నుంచి 1.5 సెకన్లు పట్టాలి. కాబట్టి పై అంచును దాటింది 1.4 సెకన్ల దగ్గర, పడిన ఎత్తు 5 × 1.96 = 9.8 మీటర్లు. సమీకరణాలు రాసుకుంటూ పోతే ఇదే జవాబుకు సగం పేజీ పడుతుంది.

రెండు వస్తువుల లెక్క కూడా ఇలాంటిదే. 80 మీటర్ల ఎత్తు నుంచి ఒక బంతిని జారవిడిచిన క్షణంలోనే, సరిగ్గా దాని కింద నేల మీది నుంచి మరొక బంతిని 40 వేగంతో పైకి విసిరితే అవి 80 ÷ 40 = 2 సెకన్లకు కలుస్తాయి. ఇక్కడ జీ ఏమైందని అడగవచ్చు. రెండింటినీ భూమి ఒకే తీరున లాగుతున్నందున ఒకదానికి మరొకదానిపై త్వరణమే లేదు. వాటి మధ్య దూరం సెకనుకు 40 చొప్పున తరుగుతూ పోతుంది. జీ కావలసింది అవి ఎక్కడ కలుస్తాయో చెప్పడానికి: నేలకు 60 మీటర్ల ఎత్తున.

జీ విలువ విషయంలో పరీక్షల లెక్కలకు ఒక లోపాయికారీ భాష ఉంది. ప్రశ్నలో 19.6, 44.1, 78.4 వంటి సంఖ్యలు కనిపిస్తే 9.8 వాడమని అర్థం. 20, 45, 80 కనిపిస్తే 10. 1901లో ప్రామాణికంగా నిర్ణయించిన విలువ 9.80665. అసలు విలువ భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83, హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉండడంతో ఇక్కడిది 9.78కే దగ్గర. 10 వాడితే పడే కాలంలో వచ్చే తేడా ఒక శాతం మాత్రమే, అంతకంటే పెద్ద తప్పులు వేరే చోట జరుగుతున్నాయి.

జారవిడిచిన వస్తువు మొదటి సెకనులో 5, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25 మీటర్లు పడుతుంది. 1, 3, 5 అన్న ఈ బేసి సంఖ్యల వరుసను గెలీలియో వివరించిన గ్రంథం 1638లో లైడెన్‌లో అచ్చయింది. పడే వస్తువును నేరుగా కొలవడానికి తగిన గడియారం ఆయన దగ్గర లేదు. అందుకని వాలుతలంలో గాడి తొలిచి, అందులో కంచు గుండును దొర్లించి, సన్నటి గొట్టం నుంచి కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. బరువుకూ పడే వేగానికీ సంబంధం లేదన్న ఆయన మాటకు కంటికి కనిపించే సాక్ష్యం 1971 ఆగస్టు 2న దొరికింది. అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత సుత్తిని, ఒక చేత డేగ ఈకను పట్టుకుని ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. అక్కడి గురుత్వ త్వరణం 1.62 కాబట్టి, మనిషి ఛాతీ ఎత్తు నుంచి అవి పడడానికి ఇక్కడికంటే రెండున్నర రెట్ల కాలం పట్టింది.

చంద్రుడి మీద గాలి లేదు; మన లెక్కల్లో ‘గాలి నిరోధాన్ని విస్మరించండి’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. దాని విలువెంతో వాన చెబుతుంది. కిలోమీటరు ఎత్తు నుంచి పడే చినుకు సూత్రం ప్రకారం సెకనుకు 140 మీటర్ల వేగంతో, అంటే గంటకు 500 కిలోమీటర్లతో తల మీద పడాలి. పెద్ద చినుకులు కూడా నిజానికి సెకనుకు 9 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే ఆ వేగానికి గాలి నిరోధం చినుకు భారానికి సమానమవుతుంది. ఆపైన వేగం పెరగదు. పైకి విసిరిన బంతికి గాలి చేసే పని ఇంకొంచెం మెలికగా ఉంటుంది. గాలి నిరోధం ఎప్పుడూ కదలికకు ఎదురుగా ఉంటుంది కాబట్టి, బంతి ఎక్కేటప్పుడు అది గురుత్వంతో కలిసి కిందికి లాగుతుంది, దిగేటప్పుడు గురుత్వానికి ఎదురు తిరిగి పైకి నెడుతుంది. ఎక్కేటప్పటి త్వరణం జీ కంటే ఎక్కువ, దిగేటప్పటిది తక్కువ. అందువల్ల ఎక్కడానికి పట్టే కాలం కంటే అదే మట్టానికి దిగడానికి పట్టే కాలం ఎక్కువ. వీడియోను వెనక్కి తిప్పితే కనిపించేది ఇక సాధ్యమైన ప్రయాణం కాదు, కాబట్టి ఆ −1 సెకను చెప్పిన చక్కటి పూర్వకథ కూడా చెదిరిపోతుంది. పైకి ఒక సమీకరణం, కిందికి ఒక సమీకరణం అన్న తరగతి గది నియమం తప్పించుకోలేనంత అవసరమయ్యేది ఇక్కడే, ఆ నియమాన్ని నేర్పే పాఠం మాత్రం గాలిని తలుపు బయటే ఆపేసి మొదలవుతుంది.